ఫ్రెడ్డీ మెర్క్యురీ

ఫ్రెడ్డీ మెర్క్యురీ (సెప్టెంబరు 5, 1946 - నవంబరు 24, 1991) బ్రిటన్‌కు చెందిన ప్రసిద్ధ గాయకుడు, గీత రచయిత, సంగీతకర్త. క్వీన్ అనే రాక్ సంగీత బృందానికి ప్రధాన గాయకుడిగా ప్రపంచ ఖ్యాతి గడించాడు. ఇతని అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. పార్సీ కుటుంబంలో జన్మించి, ఎనిమిదవ ఏట నుండి పదహారవ ఏట వరకు భారతదేశంలో చదువుకున్నాడు. ఎయిడ్స్ వ్యాధి వలన 45 సంవత్సరాల వయసులో లండన్‌లో మరణించాడు. మరణానికి తొమ్మిది నెలల ముందు వెలువడిన ఇన్యుయెండో (1991) క్వీన్ బృందపు పద్నాలుగవ స్టూడియో ఆల్బమ్. ఇతని జీవితకాలంలో విడుదలైన బృందపు స్టూడియో ఆల్బమ్‌లలో ఇదే చివరిది. తన రోగాన్ని లోకానికి తెలియనీయకుండా ఇతడు ఆ ఆల్బమ్‌ను పూర్తి చేసిన తీరు రాక్ సంగీత చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది.

జననం, బాల్యం

ఫరూఖ్ బుల్సారా తూర్పు ఆఫ్రికా తీరాన, అప్పట్లో బ్రిటిషు రక్షణలో ఉన్న జాంజిబార్ ద్వీపంలోని స్టోన్ టౌన్‌లో జన్మించాడు. తల్లి జెర్, తండ్రి బోమీ. తండ్రి అక్కడి బ్రిటిషు ప్రభుత్వ కార్యాలయంలో కాషియరు. వారి పూర్వీకులది గుజరాత్. అక్కడి బుల్సార్ (నేటి వల్సాద్) పట్టణం పేరు మీదుగానే వారికి ఇంటిపేరు వచ్చింది. ఫరూఖ్‌కు కష్మీరా అనే చెల్లెలు ఉంది.

ఎనిమిదేళ్ళ వయసులో ఇతనిని చదువు కోసం బొంబాయికి దగ్గరలోని పంచ్‌గనికి పంపి, సెయింట్ పీటర్స్ బోర్డింగు పాఠశాలలో చేర్పించారు. అక్కడి స్నేహితులు పిలిచిన ఫ్రెడ్డీ అన్న ముద్దుపేరే కాలక్రమంలో నిలిచిపోయింది. పియానో నేర్చుకున్నాడు. పన్నెండేళ్ళ వయసులో సహవిద్యార్థులతో కలసి ది హెక్టిక్స్ అనే చిన్న బృందాన్ని ఏర్పాటు చేసి పాశ్చాత్య పాటలు వాయించేవాడు. అందులో ఇతడు ముఖ్య గాయకుడు కాదు, పియానో వాద్యకారుడు మాత్రమే. 1963లో జాంజిబార్ తిరిగి వెళ్ళాడు. 1964 జనవరిలో అక్కడ విప్లవం చెలరేగగా కుటుంబమంతా ప్రాణభయంతో ఇంగ్లండుకు తరలిపోయి లండన్ శివార్లలోని ఫెల్తామ్‌లో స్థిరపడింది. ప్రసిద్ధుడైన తరువాత ఇతడు తన భారతీయ మూలాల గురించి బహిరంగంగా మాట్లాడడం చాలా అరుదు. ఆంతరంగిక విషయాలను తనలోనే దాచుకొనే ఈ స్వభావం చివరి వరకు ఇతనిని వీడలేదు.

క్వీన్ బృందం

ఈలింగ్ కళాశాలలో గ్రాఫిక్ కళ అభ్యసించి 1969లో డిప్లొమా పొందాడు. కెన్సింగ్టన్ మార్కెట్లో పాత దుస్తులు అమ్మాడు. కొంతకాలం హీత్రో విమానాశ్రయంలో సామాను మోసే పని కూడా చేశాడు. 1970లో గిటారిస్టు బ్రయాన్ మే, డ్రమ్స్ వాద్యకారుడు రోజర్ టేలర్‌లతో కలిశాడు. బృందానికి క్వీన్ అని పేరు పెట్టినది ఇతడే. తన ఇంటిపేరును మెర్క్యురీగా మార్చుకున్నదీ ఆ రోజులలోనే. సభ్యుల జన్మరాశుల గుర్తులతో బృందానికి చిహ్నం గీసినదీ ఇతడే. 1971లో బేస్ గిటారిస్టు జాన్ డీకన్ చేరడంతో నలుగురూ కుదిరారు. మెర్క్యురీ మరణించే వరకు ఈ నలుగురిలో మార్పు లేదు.

1975లో వచ్చిన ఎ నైట్ ఎట్ ది ఒపేరా ఆల్బమ్‌లోని బొహిమియన్ రాప్సొడీ వీరిని అగ్రశ్రేణికి చేర్చింది. 5 నిమిషాల 55 సెకన్ల ఆ పాటను రేడియోలో వేయరని పలువురు భయపడ్డారు, కాని అది బ్రిటన్‌లో తొమ్మిది వారాల పాటు మొదటి స్థానంలో నిలిచింది. 1977లో ఇతడు రచించిన వుయ్ ఆర్ ది ఛాంపియన్స్ నేటికీ క్రీడా మైదానాలలో వినిపిస్తూనే ఉంది. అయితే క్వీన్ ప్రయాణం నిరాటంకంగా సాగలేదు. 1982 నాటి హాట్ స్పేస్ తరువాత అమెరికాలో వీరి ఆదరణ బాగా తగ్గింది. జాతి వివక్ష అమలులో ఉన్న రోజులలో, 1984లో, దక్షిణాఫ్రికాలోని సన్ సిటీలో కచేరీలు చేసినందుకు తీవ్ర విమర్శలకు గురయ్యారు. బ్రిటిషు సంగీతకారుల సంఘం జరిమానా కూడా విధించింది. 1985 జూలై 13న వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్ కార్యక్రమంలో చేసిన సుమారు ఇరవై నిమిషాల ప్రదర్శనతో వీరి ప్రతిష్ఠ తిరిగి నిలబడింది. మరుసటి సంవత్సరం యూరపులో పెద్ద యాత్ర చేశారు. 1986 ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో లక్షకు పైగా ప్రేక్షకుల ముందు జరిగినది మెర్క్యురీ పాల్గొన్న చివరి క్వీన్ కచేరీ.

వ్యాధి, మౌనం

1987లో మెర్క్యురీకి ఎయిడ్స్ ఉన్నట్లు వైద్య పరీక్షలలో తేలింది. ఆ రోజులలో ఈ వ్యాధికి నికరమైన చికిత్స లేదు. పలు మందులను కలిపి ఇచ్చి రోగిని దీర్ఘకాలం బ్రతికించగల విధానం 1996 ప్రాంతంలో గాని వాడుకలోకి రాలేదు. పైగా రోగుల పట్ల, ప్రత్యేకించి స్వలింగ సంపర్కుల పట్ల, సమాజంలోను పత్రికలలోను ఏవగింపు ఎక్కువగా ఉండేది. మెర్క్యురీ విషయాన్ని సహచరుడు జిమ్ హటన్, పూర్వ ప్రేయసి, జీవితాంతం ఆప్తురాలు అయిన మేరీ ఆస్టిన్ వంటి కొద్దిమందికి మాత్రమే తెలియజేశాడు. తరువాత బృంద సభ్యులకు చెప్పాడు. ఇతడు చిక్కిపోతున్న కొద్దీ పత్రికలు వెంటబడ్డాయి. సభ్యులు మాత్రం స్నేహితుని కోరిక మేరకు అనారోగ్యమేమీ లేదని చెబుతూ వచ్చారు.

ఈ కాలంలో ఇతడు పని తగ్గించలేదు సరికదా పెంచాడు. స్పెయిన్‌కు చెందిన ఒపేరా గాయని మొన్సెరాట్ కబాయేతో కలసి బార్సిలోనా అనే ఆల్బమ్ (1988) చేశాడు. 1989లో క్వీన్ బృందం ది మిరకిల్ విడుదల చేసింది. అంతకుముందు పాట వ్రాసినవారి పేరు, దానితో పాటు ఆదాయం, విడివిడిగా ఉండేవి. అందువలన ఎవరి పాట ఆల్బమ్‌లో చేరాలన్న దానిపై తరచు తగవులు వచ్చేవి. ఈ ఆల్బమ్ నుండి పాటలన్నింటినీ బృందం పేరుతోనే ప్రకటించాలని నిర్ణయించుకున్నారు. తరువాతి ఆల్బమ్ సాఫీగా సాగడానికి ఈ నిర్ణయం చాలా తోడ్పడిందని చెప్పవచ్చు.

1990 ఫిబ్రవరిలో సంగీతానికి చేసిన సేవకు గాను క్వీన్‌కు బ్రిట్ పురస్కారం లభించింది. వేదికపై బ్రయాన్ మే మాట్లాడాడు. చిక్కిపోయిన ముఖంతో మెర్క్యురీ పక్కన నిలబడి కృతజ్ఞత చెప్పి వెళ్ళిపోయాడు. ప్రజల ముందు వేదికపై కనిపించడం అదే ఆఖరు.

ఇన్యుయెండో

ఆంగ్లంలో ఇన్యుయెండో అనగా సూటిగా అనకుండా నర్మగర్భంగా సూచించడం. ఇతని పరిస్థితికి ఈ పేరు యాదృచ్ఛికంగానైనా చక్కగా అమరింది. రికార్డింగు 1989 మార్చిలో మొదలై 1990 నవంబరులో ముగిసింది. కొంత లండన్‌లోని మెట్రోపోలిస్ స్టూడియోలో, కొంత స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మోంత్రూ పట్టణంలో జరిగింది. అక్కడి మౌంటెన్ స్టూడియో అప్పట్లో క్వీన్ సొంతం. పత్రికల వారి బెడద లేని ఆ ఊరు మెర్క్యురీకి ఎంతో ఊరట నిచ్చింది. బృందంతో పాటు డేవిడ్ రిచర్డ్స్ నిర్మాతగా వ్యవహరించాడు. ఆల్బమ్‌ను 1990 క్రిస్మస్ నాటికి తేవాలనుకున్నా గాయకుని ఆరోగ్యం వలన ఆలస్యమై 1991 ఫిబ్రవరిలో వెలువడింది.

ఇందులో 12 పాటలున్నాయి. శీర్షిక గీతం దాదాపు ఆరున్నర నిమిషాలు సాగుతుంది. బొలెరో వంటి బరువైన తాళంతో మొదలై, నడుమ స్పెయిన్ దేశపు ఫ్లమెంకో గిటారులోకి మలుపు తిరిగి, మళ్ళీ మొదటి నడకకు వస్తుంది. ఆ గిటారు భాగంలో యెస్ బృందానికి చెందిన స్టీవ్ హౌ పాలుపంచుకున్నాడు. బయటి గిటారిస్టు క్వీన్ ఆల్బమ్‌లో వాయించడం అపూర్వం. ఈ పాట బ్రిటన్‌లో విడుదలైన వెంటనే మొదటి స్థానానికి చేరింది. 1981లో డేవిడ్ బోయీతో పాడిన అండర్ ప్రెషర్ తరువాత క్వీన్‌కు ఆ స్థానం దక్కడం ఇదే మొదలు.

మిగిలిన పాటలు ఒకే రకానికి చెందినవి కావు. ఐయామ్ గోయింగ్ స్లయిట్లీ మ్యాడ్ పాటలో పిచ్చెక్కడాన్ని హాస్యంగా చెప్పాడు. డిలైలా ఇతని పెంపుడు పిల్లి మీద వ్రాసినది. దాని కోసం బ్రయాన్ మే గిటారుతో పిల్లి అరుపులు పలికించాడు. బిజూలో మామూలు పద్ధతిని తలక్రిందులు చేసి గిటారుకు ఎక్కువ చోటు, గొంతుకు తక్కువ చోటు ఇచ్చారు. హెడ్‌లాంగ్ మొదట మే తన సొంత ఆల్బమ్ కోసం వ్రాసుకున్నది. మెర్క్యురీ గొంతులో విన్న తరువాత బృందానికే ఇచ్చివేశాడు. మరణాన్ని ఎదురుగా పెట్టుకొన్న మనిషి చేసిన ఆల్బమ్‌లో పిల్లి పాట ఉండడం కొందరికి తేలికగా తోచింది. నిజానికి ఈ సంకలనాన్ని కేవలం వీడ్కోలు గీతాల మాలగా చూడడం సరికాదని ఆ పాటే చెబుతుంది.

అయినా చివరి పాట ది షో మస్ట్ గో ఆన్ విషయం వేరు. దీనికి డీకన్, టేలర్ కూర్చిన స్వరాలు ఆధారం. మెర్క్యురీతో చర్చించిన పిదప పాటలో ఎక్కువ భాగం మే వ్రాశాడు. మిత్రుని కథను అతని నోటనే చెప్పించే పాట అది. పైస్థాయిలో పాడవలసిన చరణాలు చాలా ఉన్నాయి. అప్పటికి మెర్క్యురీకి నడవడమే కష్టంగా ఉండేది. ఆ గొంతు ఇంత శ్రమను తట్టుకుంటుందో లేదోనని మే సందేహించాడు. మెర్క్యురీ కొంచెం వోడ్కా త్రాగి, వెళ్ళి పాడివచ్చాడని మే అనేక పర్యాయాలు చెప్పియున్నాడు. వినేవారికి ఆ గొంతులో రోగపు జాడ తెలియదు.

ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరగా అమెరికాలో 30వ స్థానం వద్ద ఆగిపోయింది. విమర్శకుల అభిప్రాయాలు భిన్నంగా ఉండేవి. అప్పటికి వారికి గాయకుని స్థితి తెలియదు. తెలిసిన తరువాత అవే పాటలకు అర్థాలు మారిపోయాయి.

కెమెరా ముందు చివరి రోజులు

ఆల్బమ్‌లోని పాటలకు వీడియోలు తీయవలసి వచ్చినపుడు ముఖాన్ని, శరీరాన్ని దాచడం ప్రధాన సమస్య అయింది. స్లయిట్లీ మ్యాడ్ వీడియోను నలుపు తెలుపులలో తీశారు. ముఖానికి దట్టమైన రంగు, చెదిరిన జుట్టు, సన్నబడ్డ ఒంటిని దాచడానికి సూటు లోపల మరొక పొర దుస్తులు వాడారు. చూసేవారికి అదంతా పాటలోని పిచ్చివాని వేషంగానే కనిపించింది.

1991 మే 30న దీజ్ ఆర్ ది డేస్ ఆఫ్ అవర్ లైవ్స్ చిత్రీకరణ జరిగింది. గడచిన రోజులను తలచుకొనే ఈ పాటను ప్రధానంగా టేలర్ వ్రాశాడు. పిల్లుల బొమ్మలు గీసిన వెయిస్ట్‌కోటు వేసుకొని, దాదాపు కదలకుండా నిలబడి మెర్క్యురీ అభినయించాడు. ఒకప్పుడు వేదిక ఈ చివర నుండి ఆ చివరకు పరుగులు తీసిన గాయకుడిని ఇలా చూడడం అభిమానులకు నేటికీ కష్టంగానే ఉంటుంది. కెమెరా ముందు ఇతని చివరి పని ఇదే.

మోంత్రూలో చివరి రికార్డింగులు

ఇన్యుయెండో ముగిసిన తరువాత కూడా మెర్క్యురీ విశ్రాంతి తీసుకోలేదు. 1991లో ఓపిక ఉన్న రోజులలో మౌంటెన్ స్టూడియోకు వచ్చి పాడేవాడు. పాట పూర్తిగా తయారయ్యే వరకు ఆగే వ్యవధి లేదు. అందువలన యంత్రంతో తాళం వేసుకొని, మే వ్రాసిన పంక్తులను వ్రాసినవి వ్రాసినట్లుగానే పాడి, మిగతా పని తాను పోయిన తరువాత చేసుకొమ్మని మిత్రులకు అప్పగించాడు. సరస్సును చూస్తూ ఎ వింటర్స్ టేల్ రచించాడు. ఇతడు చివరగా పాడినది మదర్ లవ్. చివరి చరణం మిగిలి ఉండగా అలసిపోయి, తరువాత వచ్చి పాడతానని వెళ్ళాడు. మరల రాలేదు. ఆ చరణాన్ని తరువాత బ్రయాన్ మే పాడాడు. ఈ పాటలు 1995 నవంబరులో మేడ్ ఇన్ హెవెన్ అనే ఆల్బమ్‌గా వెలువడ్డాయి.

మరణం

చివరి రోజులు లండన్ కెన్సింగ్టన్‌లోని గార్డెన్ లాడ్జ్ అనే తన ఇంటిలో గడిపాడు. ఇంటి గేటు ముందు విలేఖరులు కాపు కాశారు. 1991 నవంబరు 23న తనకు ఎయిడ్స్ ఉన్నదని ధ్రువీకరిస్తూ ప్రకటన విడుదల చేయించాడు. మరునాడు, నవంబరు 24 సాయంత్రం, ఎయిడ్స్ వలన సంక్రమించిన న్యుమోనియాతో మరణించాడు. జొరాస్ట్రియన్ పురోహితులు అంత్యక్రియలు నిర్వహించారు. లండన్‌లో దహన సంస్కారం జరిగింది. అస్థికలను మేరీ ఆస్టిన్‌కు అప్పగించారు. వాటిని ఉంచిన చోటు ఆమె వెల్లడించలేదు.

ఇతని మౌనం పట్ల విమర్శ లేకపోలేదు. ముందుగానే ప్రకటించి ఉంటే వ్యాధిపై అవగాహనకు, నిధుల సేకరణకు ఉపయోగపడేదని కొందరన్నారు. మరికొందరు, అలా చేసి ఉంటే ఇన్యుయెండోను జనం పాటలుగా కాక రోగి విలాపంగానే విని ఉండేవారని సమాధానమిచ్చారు. రెండు వాదాలలోనూ సత్యముంది.

మరణానంతరం

1991 డిసెంబరులో బొహిమియన్ రాప్సొడీ, దీజ్ ఆర్ ది డేస్ పాటలను కలిపి మరల విడుదల చేయగా బ్రిటన్‌లో మొదటి స్థానం పొందాయి. ఆదాయాన్ని ఎయిడ్స్ బాధితులకు సేవ చేసే టెరెన్స్ హిగ్గిన్స్ ట్రస్టుకు ఇచ్చారు. 1992 ఏప్రిల్ 20న వెంబ్లీలో స్మారక కచేరీ జరిగింది. ఎయిడ్స్‌పై పోరాటానికి మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్టు ఏర్పడింది. 1996లో మోంత్రూ సరస్సు ఒడ్డున ఇతని కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించారు. జాన్ డీకన్ కొద్దికాలానికే సంగీతం నుండి విరమించుకున్నాడు. మే, టేలర్ ఇతర గాయకులతో కచేరీలు కొనసాగించారు.

2018లో ఇతని జీవితం ఆధారంగా బొహిమియన్ రాప్సొడీ అనే చలనచిత్రం వచ్చింది. మెర్క్యురీ పాత్ర ధరించిన రామీ మాలెక్‌కు ఆస్కార్ లభించింది. అయితే చిత్రంలో లైవ్ ఎయిడ్‌కు ముందే ఇతనికి వ్యాధి సంగతి తెలిసినట్లు చూపడం వాస్తవం కాదు. కథ 1985లోనే ముగియడం వలన ఇన్యుయెండో నాటి రోజులకు అందులో చోటు లేకపోయింది. ది మిరకిల్ కాలంలో పాడి పక్కన పెట్టిన ఫేస్ ఇట్ అలోన్ అనే పాట 2022 అక్టోబరులో విడుదలైంది.