కోతమిషను వెనక చేతులు: సైరస్ మెకార్మిక్ జీవితం

ఏటా మే 1న మనం ఎర్రజెండా ఎగరేసి చికాగో అమరులను తలుచుకుంటాం. 1886లో హే మార్కెట్ ఘటనకు ముందురోజు పోలీసు తూటాలకు కార్మికులు నేలకొరిగింది ఒక కోతమిషన్ల ఫ్యాక్టరీ దగ్గర. పంట కోసే మిషన్లు చేసే ఫ్యాక్టరీ అది. దాన్ని పెట్టినవాడు సైరస్ మెకార్మిక్. కొడవలి పట్టే మనం అతని కథ తెలుసుకోవాలి.

మెకార్మిక్ 1809లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టాడు. తండ్రి రాబర్ట్‌కు పెద్ద కమతం ఉండేది. అందులో నల్లజాతి బానిసలు చాకిరీ చేసేవారు. గోధుమ పండాక కొద్దిరోజుల్లో కొయ్యకపోతే గింజ రాలిపోతుంది. బలమైన మనిషి పొడుగుపిడి కత్తితో పొద్దంతా కోసినా రెండు మూడెకరాలే తెగేవి. అందుకే రాబర్ట్ ఏళ్ల తరబడి కోతయంత్రం కోసం తంటాలుపడి వదిలేశాడు. 1831లో కొడుకు ఆ పని అందుకున్నాడు. అతనికి చేదోడుగా నిలిచినవాడు జో ఆండర్సన్ అనే బానిస. 1834లో వచ్చిన పేటెంటు మాత్రం మెకార్మిక్ ఒక్కడి పేరునే వచ్చింది. అంతకు ముందే, 1833లో, ఓబెద్ హస్సీ అనే ఆయన కూడా కోతయంత్రానికి పేటెంటు పొందాడు. అంటే అది ఒక్కడి బుర్రలో పుట్టింది కాదు.

ఆ మిషను పనితీరు సులువే. గుర్రాలు లాగుతుంటే కింద పెద్ద చక్రం తిరిగేది. ఆ తిరుగుడుతోనే పళ్లకత్తి అటూ ఇటూ ఆడేది. పైన తిరిగే చెక్క రెక్కలు పైరును కత్తి మీదికి వంచేవి. తెగిన పైరు వెనక బల్ల మీద పడేది. ఒక కూలి దాన్ని కిందికి లాగుతుంటే, మిగతావాళ్లు నడుము వంచి పనలు కట్టేవారు. తర్వాత తీగతో, 1880 ప్రాంతంలో పురికొసతో మిషనే పనలు కట్టడం మొదలైంది. ఆ నడుములకు వంపు తప్పింది, ఆ చేతులకు కూలీ కూడా తప్పింది.

మెకార్మిక్ గట్టి వ్యాపారి. గోధుమ పొలాలు పడమటికి జరుగుతున్నాయని పసిగట్టి 1847లో చికాగోలో ఫ్యాక్టరీ పెట్టాడు. కొంత సొమ్ము ముందు కట్టించుకుని, మిగతాది పంట చేతికొచ్చాక వాయిదాల మీద తీసుకునేవాడు. అలా చిన్న రైతుకూ మిషను అందింది, దాంతోపాటే అప్పూ అందింది. 1871 అగ్నిప్రమాదంలో ఫ్యాక్టరీ కాలిపోతే మళ్లీ కట్టాడు. 1884లో కోటీశ్వరుడిగా కన్నుమూశాడు.

తర్వాత పెత్తనం కొడుకు చేతికొచ్చింది. 1885లో కూలి కోతపై కార్మికులు సమ్మెకట్టి గెలిచారు. 1886 ఫిబ్రవరిలో యాజమాన్యం లాకౌట్ చేసి, సమ్మె విచ్ఛిన్నకులను దింపింది. మే 3న గేటు దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం ఇద్దరు కార్మికులు చనిపోయారు. దానికి నిరసనగా మర్నాడు జరిగిందే హే మార్కెట్ సభ. అక్కడ బాంబు పేలింది. బాంబు వేసిందెవరో తేలకుండానే 1887 నవంబరు 11న నలుగురు నాయకులను ఉరితీశారు. 1902లో మెకార్మిక్ కంపెనీ పోటీ కంపెనీలతో కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనే గుత్తసంస్థగా మారింది.

మిషను మన శత్రువు కాదు. ఎండలో నడుము విరిగే చాకిరీ తగ్గితే మనకు సంతోషమే. కానీ దాన్ని చేసిన బానిసకు పేరు దక్కలేదు, పోతపోసిన కార్మికుడికి తూటా దక్కింది, పన కట్టే కూలికి పని పోయింది. మన ఊళ్లలో వరికోత మిషను దిగినచోటా కూలీలకు పనిదినాలు తగ్గాయి. అందుకే మనం మిషనును పగలగొట్టమని అడగం. మిషను మిగిల్చిన సొమ్ములో మన వాటా ఏదని అడుగుతాం. పోయిన పనికి బదులు పని, చేసిన పనికి గిట్టుబాటు కూలి కావాలని సంఘం కట్టి అడుగుతాం.