విశ్వేశ్వరయ్యగారును నీటిపంపును

పద్మారావు నగరులో మోటారు పంపు లేని యిల్లు అరుదు. కుళాయినీరు వచ్చిన దినమున సంపు నిండును. సంపునుండి మోటారు ఆ నీటిని మేడమీది తొట్టికి ఎక్కించును. కాని యొక్కొకప్పుడు మోటారు తిరుగుచునే యుండును, ధ్వనియు చేయును, నీటిచుక్క మాత్రము రాదు. అప్పుడు పని తెలిసినవాడు వచ్చి, పంపుమీది బిరడా విప్పి, చెంబెడు నీరు పోసి, బిరడా బిగించి మీట వేయును. నీరు ఎక్కును.

ఇందులో మంత్రమేమియు లేదు. పంపు నీటిని లాగునని మనము తలంతుము. నిజమునకు పనిచేయునది బయటి గాలి బరువు. పీల్చుగొట్టములోని గాలి తొలగినచో, సంపులోని నీటిపై నున్న బయటిగాలి ఆ నీటిని గొట్టములోనికి నెట్టును. గొట్టములో గాలి యున్నంతకాలము లోపలి చక్రము గాలినే చిలుకుచుండును. గాలి మిగుల తేలికయైనది గనుక చక్రమునకు పట్టు దొరకదు. మనము పోసిన నీరు ఆ పట్టు నిచ్చును. గొట్టము అడుగున నుండు ఫుట్ వాల్వు నీరు జారిపోకుండ ఆపును. దానిలో చిన్న రాయి చిక్కెనేని తెల్లవారునప్పటికి గొట్టము ఖాళీ. సైకిలు పంపులోని తోలు వాషరు ఎండినప్పుడు నూనెచుక్క వేసి, అది గొట్టము నంటి గాలిని బట్టునట్లు చేయుటయు ఇంచుమించు ఇట్టిదే. బయటిగాలి సముద్రతీరమున సుమారు 34 అడుగుల నీటిని మాత్రమే నిలుపగలదు. మన యూరు సుమారు 1,750 అడుగుల ఎత్తున నుండుటచే ఇచట మరి రెండడుగులు తగ్గును. పనిలో 25 అడుగులకు మించి నమ్మరాదు. కావుననే ఎంత గొప్ప యంత్రమైనను నీటికి దగ్గరగా కూర్చుండవలసినదే.

నీటిని ఎచ్చట ఎత్తవలయునో, ఎచ్చట ఎత్త నక్కరలేదో చక్కగా నెరిగిన ఇంజనీరు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వుల గ్రామమగు మోక్షగుండము గిద్దలూరు ప్రాంతమున నున్నది. వారిది తెలుగు కుటుంబము. 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన మైసూరు రాజ్యమందలి ముద్దెనహళ్లిలో జన్మించి, బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. బెంగుళూరులో ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి, ఆ సంపాదనతో కళాశాల చదువు సాగించిరి. ఉపాధ్యాయులమగు మాకు ఈ సంగతి ప్రత్యేకముగా ప్రియము. పిదప పూనాలో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథములై, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి.

మొదటి పనులలోనొకటి ఖాందేశమున పాంజ్రా నది పాయను దాటించుచు ఒక నీటి గొట్టము వేయుట. వర్షములు అడ్డుపడినను దానిని నెరవేర్చిరి. ఇట్టి గొట్టములో నీరు ఒక గట్టున దిగి నదిక్రిందుగా పోయి ఆవలిగట్టున తనంతట తానే పైకి వచ్చును. పంపుతో పని లేదు.

సక్కరు పట్టణమున అట్లు సాగలేదు. సింధునది ప్రక్కనే యున్నను దాని నీరు బురద. ఆ నీటిని కొండమీదికి తోడి, అచట ఇసుకమడుగులు కట్టి వడబోయవలెనన్న, మునిసిపాలిటీవద్ద అంత ధనము లేదు. ధనము లేదని ప్రజలు బురదనీరే త్రాగవలయునా? విశ్వేశ్వరయ్యగారు నదిగర్భముననే, ఒడ్డునకు కొంత దూరమున, ఒక బావి త్రవ్వించిరి. నదీజలము ఇసుకలోనుండి ఊరి, తేటయై బావిలో చేరెను. నదిగర్భము క్రిందుగా సొరంగము వేసి ఆ నీటిని ఒడ్డుననున్న పంపుశాలకు తెచ్చి, అచటినుండి యంత్రములచే కొండమీదికి ఎక్కించిరి. వడబోత పని నదికే అప్పగించి, పంపునకు ఎత్తుపని మాత్రము మిగిల్చిరి. ఈ పని 1895లో పూర్తియయ్యెను. వారి కార్యములలో దీనిని మేము కృష్ణరాజసాగరముకన్న తక్కువగా నెంచము.

ఖడక్వాస్లా జలాశయమునకు వారు కల్పించిన స్వయంచాలక తలుపులను గూర్చి చెప్పిన నింకొక వ్యాసమగును. మన నగరపు మాట చూతము.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. అప్పటికి విశ్వేశ్వరయ్యగారు బొంబాయి కొలువు విడిచి విదేశములలో సంచరించుచుండిరి. నైజాము ప్రభుత్వము పిలువగా 1909లో వచ్చి నదీపరీవాహ ప్రాంతమును పరిశీలించిరి. అచట 788 చెరువు లుండగా 221 తెగినవని తేలెను. ఒక చెరువు తెగి క్రింది చెరువును తెంచి, అది మరియొకదానిని తెంచి, నీరంతయు ఒక్కటై నగరముపై బడినది. నదియందును, దాని యుపనదియగు ఈసీయందును నగరమునకు ఎగువను రెండు జలాశయములు కట్టవలెనని వారు సూచించిరి.

ఇచట ఒక చిక్కు కలదు. వరద నాపుటకు జలాశయము ఖాళీగా నుండవలెను. త్రాగునీటికి నిండుగా నుండవలెను. ఒక మట్టమువరకు నీరు నిలిపి, దానిపై వరదకై చోటు విడిచి, తూములద్వారా మెల్లగా వదలుటచే ఆ రెండును కుదిరినవి. కట్టినవారు నవాబ్ అలీ నవాజ్ జంగ్ మొదలగు ఇతర ఇంజనీర్లు. ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. ఉస్మాన్ సాగరమునే మనము గండిపేట చెరువందుము. అది నగరముకన్న ఎత్తుననుండుటచే, నీరు సుమారు 9 మైళ్ల రాతికాలువలో వాలువెంట ఆసఫ్ నగరు వడబోత మడుగులకు దిగివచ్చెను. బొగ్గు లేదు, యంత్రము లేదు, గాలి తీయుట లేదు. మురుగునీటి కాలువల ఏర్పాటునకై విశ్వేశ్వరయ్యగారు తరువాత కూడ నగరమునకు వచ్చిరి.

హైదరాబాదు పనినుండి 1909 చివర మైసూరునకు పోయి ప్రధాన ఇంజనీరుగాను, 1912లో దివానుగాను నియమింపబడిరి. 1955లో భారతరత్న బిరుదము పొందిరి. నూరేండ్లు నిండిన పిమ్మట 1962 ఏప్రిల్ 14వ తేదీన బెంగుళూరులో గతించిరి. మరి మూడేండ్లకు మంజీరా నీరు నగరమునకు చేరెను. ఊరు పెరిగినకొలది అదియు చాలక, కృష్ణాజలమును, ఆపైని గోదావరీజలమును, దూరమునుండి పెద్దపంపులచే మెట్టుమెట్టుగా ఎత్తి తెచ్చిరి.