గ్రీజు అంటిన చేతులతో దైవసేవ

సేవ అనగానే మనకు పుల్పిట్ గుర్తుకొస్తుంది. ఆదివారం వాక్యం చెప్పేవారిదే సేవ, మిగతా ఆరు రోజులూ మనం చేసేది పొట్టకూటి పని అనుకుంటాం. పొలంలో ఆగిపోయిన ట్రాక్టర్ కింద పడుకుని నట్లు బిగించే మెకానిక్‌ను దేవుని సేవకుడని మనలో ఎందరం పిలుస్తాం? ఈ ప్రశ్నే అమెరికాలో రాబర్ట్ గిల్మోర్ లెటర్నో అనే మెకానిక్‌ను వేధించింది.

ఆయన 1888లో వెర్మాంట్ రాష్ట్రంలో జన్మించాడు. 14వ ఏట చదువు మానేసి పోర్ట్‌లాండ్‌లో ఇనుప పోతపనికి కుదిరాడు. 16వ ఏట ప్రభువును అంగీకరించాడు. ఆ తర్వాత కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పట్టణంలో ఒక గ్యారేజీలో భాగస్వామి అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళ కర్మాగారంలో మరమ్మతులు చేసి, వెల్డింగ్‌లో ఆరితేరి తిరిగొచ్చేసరికి గ్యారేజీ మూతపడి ఉంది. తన వాటా అప్పు మాత్రం మిగిలింది. తొలి బిడ్డ కూడా పసితనంలోనే కన్నుమూశాడు.

అప్పు తీర్చడానికి ఆయన పాడైన ఒక ట్రాక్టర్‌ను బాగుచేసే పని ఒప్పుకున్నాడు. అది చైన్ల మీద నడిచే పెద్ద బండి. పని నచ్చిన యజమాని, అదే ట్రాక్టర్‌తో తన 40 ఎకరాలు చదును చేయమన్నాడు. మరమ్మతుకు వెళ్లినవాడికి జీవితకాలపు పని అక్కడ దొరికింది. 1920లో ఒక పాత ట్రాక్టర్ కొని నేల చదునుచేసే కాంట్రాక్టులు మొదలుపెట్టాడు.

అయినా మనసులో దిగులే. దేవునికి పూర్తిగా సమర్పించుకుంటే మిషనరీగానే వెళ్లాలేమో అనుకుని సంఘకాపరి దగ్గరకు వెళ్లాడు. ఇద్దరూ మోకరించి ప్రార్థించారు. దేవునికి వ్యాపారస్థులు కూడా కావాలని కాపరి చెప్పాడు. ఆ మాటతో ఆయన తిరిగి తన పనిముట్ల దగ్గరకే వచ్చాడు.

ఆయన చేతుల మీదుగా మట్టిని తవ్వి మోసే భారీ యంత్రాలెన్నో రూపుదిద్దుకున్నాయి. దాదాపు 300 పేటెంట్లు దక్కాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యాలు ఆయన యంత్రాలతోనే ఎన్నో రోడ్లు, విమానాశ్రయాలు వేసుకున్నాయి. 1946లో లాంగ్‌వ్యూలో సాంకేతిక విద్యాలయం స్థాపించాడు. 1950లలో లైబీరియా, పెరూ దేశాలకు యంత్రాలనూ సువార్తనూ కలిపి పంపాడు. ఆదాయంలో 90 శాతం దేవుని పనికిచ్చి 10 శాతంతో జీవించాడని పేరు. కానీ లాభం వస్తుందని లెక్కవేసి ఇచ్చేది కానుక కాదని ఆయన హెచ్చరించేవాడు. 1969లో ప్రభువు సన్నిధికి చేరాడు.

ప్రత్యక్ష గుడారం కట్టేందుకు దేవుడు బెసలేలును ఆత్మతో నింపిన సంగతి మనం నిర్గమకాండంలో చదువుతాం. అతడు ప్రసంగీకుడు కాదు, పనివాడు. మన చేతిలో ఉన్నది స్పానరైనా, గరిటైనా, కలమైనా, దాన్ని దేవునికి అప్పగించామా అన్నదే ప్రశ్న. రేపు సోమవారం ఉదయం మనం పనికి వెళ్తున్నామా, సేవకు వెళ్తున్నామా?