మాట రాని చోట సంగీతం

ఆపెరా అంటే మన పద్యనాటకం లాంటిదే. మాట్లాడాల్సింది పాడతారు. ఇంగ్లండులో ఆ కళకు పెద్ద పేరు తెచ్చిన సంగీతకారుడు బెంజమిన్ బ్రిటన్. 1913లో లోస్టాఫ్ట్ అనే సముద్రతీరపు ఊళ్లో, పళ్ల డాక్టరు ఇంట పుట్టారు. గాయకుడు పీటర్ పియర్స్‌తో జీవితాంతం కలిసి ఉన్నారు. మగవాళ్ల మధ్య ప్రేమ అక్కడ 1967 దాకా నేరం.

ఆ భయం ఉన్న రోజుల్లోనే, 1951లో, మెల్విల్ రాసిన 'బిల్లీ బడ్' కథను ఆపెరాగా మలిచారు. మాటలు రాసింది ఫార్‌స్టర్, క్రోజియర్. కథ జరిగేది 1797 నాటి యుద్ధనౌకలో. అంతా మగవాళ్లే, మన లేబర్ క్యాంపుల్లాగే. అందగాడు బిల్లీ మీద పుట్టిన ఇష్టాన్ని అధికారి క్లాగర్ట్ భరించలేడు. అది పగై, తప్పుడు నేరం మోపుతాడు. నత్తితో జవాబు రాక బిల్లీ ఒక్క దెబ్బ కొడితే అతను చచ్చిపోతాడు. బిల్లీ మంచివాడని తెలిసి కూడా కెప్టెన్ వీర్ ఉరిని ఆపడు.

ఆ తీర్పు చెప్పడానికి కెప్టెన్ బిల్లీ ఉన్న గదిలోకి వెళ్తాడు. లోపలి మాటలు మనకు వినిపించవు. వాద్యబృందం 34 స్వరమేళాలు వాయిస్తుంది, అంతే. మొదటి ప్రదర్శనలో కెప్టెన్‌గా పాడింది పియర్సే.

బ్రిటన్ 1976లో కన్నుమూశారు. రాణి సంతాపం పంపింది పియర్స్‌కే. ఆల్డెబరోలో ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి.

మన రూముల్లోనూ ఎవరికీ చెప్పుకోలేని వాళ్లుంటారు. నవ్వేముందు బిల్లీ కథ తలుచుకుందాం.