చీపురునూ ప్యారిస్ గౌన్లనూ తీసిన ఒక్క కెమెరా

కాలేజీ ఫెస్టులకు ఫోన్లతోనే ఫ్యాషన్ ఫోటోలు తీస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు గోర్డన్ పార్క్స్ గురించి తెలుసుకోవాలె. ఫ్యాషన్ ఫోటో అంటే పైసలున్నోళ్ల సోకు అని మన ఉద్యమపోళ్లే కొందరు తీసిపారేస్తరు. గాయన బతుకు చూస్తే గా మాట నిలబడదు.

1912ల అమెరికాల, కాన్సస్ రాష్ట్రం ఫోర్ట్ స్కాట్ల నల్లజాతి రైతు ఇంట్ల పుట్టిండు. 15 మంది పిల్లల్ల ఆఖరోడు. తల్లి సచ్చిపోతే మిన్నెసోటాల అక్క ఇంటికి తోలిండ్రు. బావతోని పడలే. నడి చలికాలంల ఎల్లగొడితే ట్రాం బండ్లల్ల పండుకున్నడు. పియానో వాయించిండు, రైల్ల అన్నం ప్లేట్లు అందించిండు. గా రైలు కొలువుల ఉన్నప్పుడే ఒక పత్రికల వలస కూలీల ఫోటోలు చూసి, తాకట్టు దుకాణంల పాత కెమెరా కొన్నడు. నేర్పిన గురువు లేడు.

సెయింట్ పాల్ల ఆడోళ్ల బట్టల దుకాణం ఓనరమ్మ ఛాన్స్ ఇచ్చింది. ఫిల్మ్ మీద ఫిల్మ్ పడి ఒక్కటి తప్ప అన్ని ఖరాబైనయి. మిగిలిన గా ఒక్కటే పెద్దగ చేయించి చూపెట్టిండు, పని దొరికింది. బాక్సర్ జో లూయిస్ భార్య మార్వా గాయన ఫోటోలు చూసి చికాగో రమ్మన్నది.

1942ల సర్కారు ఫోటోల పనికి వాషింగ్టన్ పోయిండు. పెద్దసారు రాయ్ స్ట్రైకర్ ముందుగాల కెమెరా పక్కకు పెట్టి పట్నం చూసిరమ్మన్నడు. బట్టల దుకాణంల కోటు అమ్మలే, హోటల్ల కూసోనియ్యలే, టాకీసుల రానియ్యలే. కోపం కాలబట్టింది. గా ఆఫీసే ఊడ్చే ఎల్లా వాట్సన్‌ను జెండా ముందర నిలబెట్టిండు. చుక్కల గౌను, చేతిల చీపురు. ఒక్క ఫోటోతోని ఆగలే, ఆమె ఇల్లు, మనుమలు, చర్చి అన్ని తిరిగి తీసిండు.

రెండేండ్లకు వోగ్ పత్రికల పని. బొమ్మల్లెక్క నిలబెట్టుడు గాకుండ మోడళ్లు కదులుతుంటే తీసిండు. 1948ల హార్లెం గ్యాంగు కుర్రోళ్ల ఫోటోలతోని లైఫ్ పత్రికల నౌకరి వచ్చింది. గాడ ఫోటోగ్రాఫరు నౌకరి చేసిన మొదటి నల్లజాతి మనిషి ఈయనే. ప్యారిస్ ఫ్యాషన్లు గూడ గాయనే తీసిండు.

1956ల అలబామా రాష్ట్రం మొబైల్ పట్నం పోయిండు. గక్కడి ఒక ఫోటో వెతికి చూడుండ్రి. మంచి గౌను తొడుక్కున్న ఒకామె, పక్కన తెల్లగౌన్ల చిన్నపిల్ల. నెత్తి మీద, నల్లోళ్ల దారి ఇది అని ఎర్రగ వెలిగే బోర్డు. వోగ్ల నేర్చిన చెయ్యే గది. వాళ్లను బీదగ చూపలే, దర్జాగ చూపిండు. అందుకే బోర్డు అంత సిగ్గుగ కనబడుతది. దళితవాడ పిల్లగాడు తెల్లంగి తొడుక్కుంటే మొకం మాడ్చుకునేటోళ్లు మన ఊర్లల్ల ఇంక ఉన్నరు గదా!

గా కథనంల మాట్లాడిన టీచరమ్మ కొలువు ఊడింది, కుటుంబం ఊరిడ్సి పోవాల్సి వచ్చింది. ఫోటోగ్రాఫరు బండెక్కి పోతడు, ఫోటోల ఉన్నోళ్లు గాడనే ఉంటరు. వాడల పోయి తీసేటోళ్లు గిది గూడ మతిల ఉంచుకోవాలె.

తర్వాత సినిమాలు తీసిండు, 1971ల వచ్చిన షాఫ్ట్ గాయనదే. 2006 మార్చి 7న న్యూయార్కుల, 93 ఏండ్లకు పోయిండు. ఫోర్ట్ స్కాట్ల మట్టి చేసిండ్రు.