టార్కెమాడా: ఆధారాన్నే కథగా మార్చినవాడు

ముందుగా ఒక చిన్న పరీక్ష. భయపడకండి, ఇంటర్నల్స్‌లో కలపరు.

నిద్రలో వచ్చేది పెన్ను పట్టుకుంటే ఒకటే గొడవ (4)

చివర్లో ఉన్న 4 అంటే జవాబులో నాలుగు అక్షరాలన్నమాట. పైపైన చదివితే ఎవరో నిద్రమత్తులో నోట్స్ రాసుకుంటున్నట్టు ఉంది. ముక్కలు చేసి చూడండి. నిద్రలో వచ్చేది కల. పెన్ను అంటే కలం. రెండూ పక్కపక్కన పెడితే కలకలం. ఒకటే గొడవ అంటే అదే కదా! వాక్యం చెప్పే కథ ఒకటి, దాని కడుపులో ఉన్న జవాబు ఇంకొకటి. ఇలాంటి ఆధారాన్ని ఇంగ్లీషు పజిల్ లోకంలో క్రిప్టిక్ అంటారు. మన శ్రీశ్రీ, ఆరుద్ర సరదాపడి గళ్ళనుడికట్లు కూర్చినప్పుడు చూపించిన చమత్కారం కూడా ఈ కుటుంబానిదే.

ఒకటో రెండో కాదు, పజిల్ మొత్తాన్నీ ఇలాంటి ఆధారాలతోనే నింపొచ్చని మొదట చేసి చూపించిన పేరు ఎడ్వర్డ్ పోవిస్ మాథర్స్‌ది. పత్రికలో ఆయన పెట్టుకున్న పేరు టార్కెమాడా.

అనువాదకుడి తొలి జీవితం

మాథర్స్ 1892 ఆగస్టు 28న లండన్‌లోని ఫారెస్ట్ హిల్‌లో పుట్టాడు. తండ్రి పత్రికల యజమాని. స్కాట్లాండ్‌లోని లొరెట్టో స్కూల్లోనూ, తర్వాత ఆక్స్‌ఫర్డ్ ట్రినిటీ కాలేజీలోనూ చదువుకున్నాడు. పజిళ్ళ జోలికి రాకముందే కవిగా, అనువాదకుడిగా పేరు తెచ్చుకున్నాడు. వెయ్యిన్నొక్క రాత్రుల కథల్ని మార్‌డ్రూ ఫ్రెంచిలోకి తెచ్చాడు. ఆ ఫ్రెంచి పాఠాన్ని 1923లో ఇంగ్లీషు చేసింది మాథర్సే. చాలామంది ఇంగ్లీషు పాఠకులకి షహ్రజాద్ ఆయన గొంతుతోనే పరిచయం.

ఆయన అనువాదాల్లో మనకి దగ్గరిది ఇంకొకటి ఉంది. బిల్హణుడు 11వ శతాబ్దపు కాశ్మీర కవి. తిరిగి తిరిగి దక్కన్ చేరి, కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి ఆస్థానంలో కుదురుకున్నాడు. రాకుమారిని ప్రేమించిన నేరానికి ఆయనకి మరణశిక్ష పడిందనీ, వధ్యశిల దగ్గరికి నడుస్తూ ఒక్కో శ్లోకంలో ఆమెను తలుచుకున్నాడనీ ఒక కథ. ఆ కథ మన భాషలోకి కూడా బిల్హణీయం కావ్యంగా వచ్చింది. ఆ యాభై శ్లోకాల చౌరపంచాశికను మాథర్స్ 1919లో ‘బ్లాక్ మారిగోల్డ్స్’ పేరుతో స్వేచ్ఛగా ఇంగ్లీషు చేశాడు. జాన్ స్టెయిన్‌బెక్ 1945లో రాసిన ‘క్యానరీ రో’ నవల చివర్లో ఒక పాత్ర చదివి వినిపించేది ఆ పద్యాలే.

ఈ సంగతి ఊరికే చెప్పలేదు. అనువాదకుడి పని ఏంటి? ఒకే అర్థానికి పది మాటలు వెతకడం, ఒకే మాటలో పది అర్థాలు చూడడం. మంచి క్రిప్టిక్ ఆధారం రాసేవాడి పని కూడా అదే. అంటే మాథర్స్ పజిళ్ళకి వచ్చేసరికే చేతిలో పనిముట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి.

డిక్షనరీ అర్థాల మీద విసుగు

క్రాస్‌వర్డ్ పుట్టింది అమెరికాలో. లివర్‌పూల్ నుంచి వలస వెళ్ళిన ఆర్థర్ విన్ 1913 డిసెంబర్ 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో వజ్రం ఆకారపు గళ్ళతో ఒక పజిల్ వేశాడు. పదేళ్ళు తిరిగేసరికి అమెరికా అంతా అదే పిచ్చి. 1924లో ‘సండే ఎక్స్‌ప్రెస్’ క్రాస్‌వర్డ్ మొదలుపెట్టడంతో ఆ పిచ్చి ఇంగ్లండులోనూ ఇంటింటికీ చేరింది.

అప్పట్లో ఆధారాలు చాలా చప్పగా ఉండేవి. ఒక పక్షి, ఒక నది, ఒక రకం చెట్టు. తెలిస్తే తెలుస్తుంది, లేకపోతే నిఘంటువు తిరగెయ్యాలి. మెదడుకి పని తక్కువ, జ్ఞాపకశక్తికి ఎక్కువ. వైవాలో ఫార్ములా అడిగినట్టన్నమాట.

గళ్ళ ఆట మాథర్స్‌కి నచ్చింది కానీ ఆ ఆధారాలు నచ్చలేదు. గళ్ళని అలాగే ఉంచి ఆధారాన్ని మార్చేశాడు. మొదట్లో పద్యాలు రాశాడు. ప్రతి జవాబుకీ ప్రాస కుదిరిన రెండు పాదాలు, వాటిలో ఎక్కడో దాక్కున్న మాట. ఆ పద్యాల పజిళ్ళు 1925లో పుస్తకంగా వచ్చాయి. పిల్లలకి కాదు, వయసు ముదిరినవాళ్ళకి అని పుస్తకం పేరులోనే చమత్కరించాడు.

పజిల్‌లో నింపాల్సినది ఒక్క మాట. దానికోసం ఆయన రెండు పాదాల పద్యం, ఒక బొమ్మ, ఒక జోకు ఇస్తున్నాడు. అంతవరకూ ఆధారం అంటే జవాబు దొరకగానే కొట్టేసే చీటీ. మాథర్స్ దాన్ని జవాబు దొరికాక వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుని నవ్వుకునే వస్తువుగా మార్చాడు. ఆయన చేసిన అసలు మార్పు నా దృష్టిలో ఇదే.

విచారణాధికారి వచ్చాడు

1926లో ‘అబ్జర్వర్’ ఆదివారం పత్రికలో ఆయన శీర్షిక మొదలైంది. పేరు కావాలి. టొమాస్ దె టార్కెమాడా 15వ శతాబ్దంలో స్పెయిన్ మతవిచారణకి మొదటి ప్రధానాధికారి. చిత్రహింసలకి మారుపేరు. మాథర్స్ ఆ పేరే పెట్టుకున్నాడు. వధ్యశిల దగ్గర పద్యం చెప్పిన కవిని అనువదించినవాడు తలారి పక్క పేరు ఎంచుకోవడం చిన్న తమాషా కాదు.

పజిల్ తయారీ ఇంట్లో ఇద్దరి పని. మాథర్స్ మంచం మీద బాసింపట్టు వేసుకుని, చుట్టూ పుస్తకాలు పరుచుకుని, సిగరెట్ మీద సిగరెట్ కాలుస్తూ మాటల జాబితా రాసేవాడు. ఆ మాటల్ని గళ్ళలో అమర్చే పని భార్య రోజమండ్‌ది. అమరిక తయారయ్యాక ఆయన ఆధారాలు రాసేవాడు. పత్రికలో కనిపించేది ఒక్క టార్కెమాడా పేరే. గళ్ళ అల్లిక నిజానికి ఆమెది.

ఆ గళ్ళలో కూడా ఒక తేడా ఉంది. మామూలు పజిల్‌లో నల్ల గళ్ళు మాటల్ని విడదీస్తాయి. టార్కెమాడా పజిళ్ళలో చాలావాటికి నల్ల గళ్ళుండవు, గళ్ళ మధ్య లావుపాటి గీతలుంటాయి. దీనివల్ల ప్రతి మాటలోనూ ఎక్కువ అక్షరాలు ఇంకో మాటతో కలుస్తాయి. అడ్డంలో తెలియకపోతే నిలువులో తెలుస్తుంది. మన భాషలో చెప్పాలంటే రిడండెన్సీ పెంచాడు. సిగ్నల్ ఎంత గజిబిజిగా పంపినా అవతలివాడు సరిచేసుకోగలిగే ఏర్పాటు.

అంత కష్టమైన పజిల్‌కి కూడా సరైన జవాబులు వేలల్లో వచ్చిపడేవి. 1926 నుంచి చనిపోయేదాకా ఆయన అబ్జర్వర్‌కి 670 పజిళ్ళు ఇచ్చాడు.

పొడుగు ఆధారంలో ఉన్న చిక్కు

ఇక్కడే ఆయన మీద ఒక పాత తగాదా ఉంది. అది అర్థం కావాలంటే మన కలకలాన్నే కొంచెం సాగదీద్దాం.

పరీక్ష ముందు రోజు రాత్రి సుబ్బారావుకి నిద్రలో ఏదో వచ్చింది. ఉలిక్కిపడి లేచి దిండు కింద తడిమితే పెన్ను తగిలింది. ఆ రెండూ కలిసేసరికి హాస్టలంతా ఒకటే గొడవ (4)

జవాబు అదే. చదవడానికి మొదటిదానికన్నా ఇదే బాగుంది. కానీ ఇందులో సుబ్బారావుకి పనేంటి? దిండుకి పనేంటి? జవాబు కట్టడానికి అవేవీ అక్కర్లేదు. సాల్వ్ చేసేవాడు మాత్రం దిండు దగ్గర పది నిమిషాలు ఆగి, తలగడ, తలాపి అని రాసుకుంటూ కూర్చుంటాడు. ఆధారం పొడుగయ్యేకొద్దీ ఎక్కువ సాయం చేస్తున్నట్టు కనిపిస్తుంది, నిజానికి దాచుకునే చోట్లు పెరుగుతాయి.

అందుకే తర్వాతి తరం టార్కెమాడాని తప్పుపట్టింది. ఆయన ఆధారాల్లో కొన్నిటికి నిర్వచనమే సరిగ్గా ఉండదు. కొన్ని అక్షరాలు అటూ ఇటూ చేయమనే సూచన లేకుండానే అటూ ఇటూ చేయాలి. మరికొన్ని ఏదో ఒక పాత కవి రాసిన ఏదో ఒక పాదం గుర్తుంటేనే తెలుస్తాయి. చమత్కారం పుష్కలంగా ఉంది, న్యాయం మాత్రం ఆయన మూడ్‌ని బట్టి ఉంది.

ఈ విమర్శ నిజమే. కానీ ఒక మాట మరిచిపోకూడదు. అప్పటికి రూల్స్ లేవు. ఏది న్యాయం, ఏది మోసం అని తేల్చాలంటే ముందు ఎవరో ఒకరు హద్దు దాటి చూపించాలి. ఆ పని ఆయన చేశాడు.

వంద పేజీల ఆధారం

హద్దు ఎంత దూరం దాటాడంటే, 1934లో గొలాంజ్ సంస్థ ‘టార్కెమాడా పజిల్ బుక్’ వేసింది. అందులో చివరిది ఒక నవల, పేరు ‘కెయిన్స్ జాబోన్’. కెయిన్ అంటే బైబిల్లో సొంత తమ్ముడిని చంపినవాడు. అప్పట్లో ఆయన అదే అబ్జర్వర్‌లో డిటెక్టివ్ నవలల సమీక్షలు కూడా రాసేవాడు, కాబట్టి హత్యకథల కిటుకులన్నీ ఆయనకి కంఠతా.

నవల వంద పేజీలు. ఆరుగురు చనిపోతారు, చంపినవాళ్ళు కూడా ఆరుగురు. అంతా బాగానే ఉంది కానీ పేజీలు వరసలో లేవు. కావాలనే కలిపేసి అచ్చువేశారు. ప్రతి పేజీ ఒక పూర్తి వాక్యంతో మొదలై పూర్తి వాక్యంతో ముగుస్తుంది కాబట్టి తెగిన వాక్యాన్ని అతికించే దారి కూడా లేదు. సరైన వరస పట్టుకుని, ఎవరు ఎవరిని చంపారో చెప్పాలి. 15 పౌండ్ల బహుమతి.

బ్రూట్ ఫోర్స్ చేద్దామనుకునే సీఎస్‌ఈ మిత్రులకి ఒక మనవి. వంద పేజీలని అమర్చే విధాలు 100 ఫ్యాక్టోరియల్. రాస్తే 158 అంకెల సంఖ్య. కనిపించే విశ్వంలో పరమాణువులు సుమారు 80 సున్నాల సంఖ్య అంటారు. లూప్ రాసి రన్ చేసి టీకి వెళ్ళొస్తే తెమిలే పని కాదు. చదవాలి, అంతే. ఒక పేజీలో వాతావరణం, ఇంకో పేజీలో ఒక కవి ప్రస్తావన, మరో పేజీలో ఒక పేరు మనిషిదా కుక్కదా అన్న అనుమానం, ఇలా ఒక్కో దారం పట్టుకుని లాగాలి.

1935లో ఇద్దరు సరైన జవాబు పంపారు. పత్రికలో వాళ్ళ పేర్లు వచ్చాయి కానీ జవాబు రాలేదు. తర్వాత పుస్తకం మరుగున పడింది. ఇంగ్లండులోని లారెన్స్ స్టెర్న్ ట్రస్టు చొరవతో 2019లో మళ్ళీ అచ్చయింది, ఈసారి 1000 పౌండ్ల బహుమతితో. 2020లో లాక్‌డౌన్ పుణ్యమా అని ఇంట్లో ఉన్న హాస్యరచయిత జాన్ ఫినిమోర్ నాలుగు నెలలు కుస్తీపట్టి విప్పాడు. ఆయన కూడా క్రాస్‌వర్డ్‌లు కూర్చేవాడే కావడం విశేషం. మరుసటి ఏడాది ఒక అమెరికన్ యువతి ఆ పేజీలన్నీ తన గది గోడకి అంటించి టిక్‌టాక్‌లో పెట్టేసరికి పుస్తకం ఎక్కడా స్టాక్ లేకుండా పోయింది.

ఆలోచిస్తే ఈ నవల నవలే కాదు, ఒక పొడుగు ఆధారం. ఎక్కడ కథ, ఎక్కడ సూచన, ఎక్కడ ఊరికే దిండు కింద తడుముడు అన్నది మనమే తేల్చుకోవాలి. అయినా ఇద్దరు 1935లోనే విప్పారంటే సూచనలు అందులో ఉన్నట్టే. దాచాడు, కానీ దొరికేలా దాచాడు. తన మామూలు పజిళ్ళలో అప్పుడప్పుడు తప్పిన న్యాయాన్ని అన్నిటికన్నా కష్టమైన పజిల్‌లో పాటించాడు.

ఆయన తర్వాత

మాథర్స్ 1939 ఫిబ్రవరి 3న చనిపోయాడు. వయసు 46. ఆయన పజిళ్ళలోంచి ఏరిన 112 పజిళ్ళ సంపుటం 1942లో వచ్చింది. ఆయన ఎలా పనిచేసేవాడో మనకి తెలిసింది అందులో రోజమండ్ రాసిన జ్ఞాపకాల వల్లే.

అబ్జర్వర్‌లో ఆ కుర్చీలోకి డెరిక్ మెక్‌నట్ అనే లాటిన్, గ్రీకు మాస్టారు వచ్చాడు. ఆయన కూడా ఒక స్పెయిన్ విచారణాధికారి పేరే తీసుకుని జిమెనెస్ అయ్యాడు. కానీ దారి మార్చాడు. ఆధారంలో నిర్వచనం ఉండాలి, ఆటకి సూచన ఉండాలి, అక్కర్లేని మాట ఒక్కటి కూడా ఉండకూడదు. 1966లో ఈ నియమాలన్నిటినీ పుస్తకంగా రాశాడు. మన సుబ్బారావు, దిండు ఆయన దగ్గర నిలబడవు.

అయితే జిమెనెస్ శుభ్రం చేసిన ఇల్లు టార్కెమాడా కట్టినదే. పైకి ఒక కథ, లోపల ఒక లెక్క, జవాబు దొరికాక ఒక నవ్వు, ఈ మూడూ ఉండాలన్న ఆశ ఆయన పెట్టిందే. రూల్స్ నేర్చుకోవడానికి జిమెనెస్ దగ్గరికి వెళ్ళండి. వాక్యం మీద ప్రేమ పుట్టాలంటే మాత్రం టార్కెమాడా దగ్గరికే వెళ్ళాలి.

తెలుగులో ఈ ఆటకి చోటు బోలెడుంది. మనకి అక్షరం అంటే ఒత్తులు, గుణింతాలతో సహా ఒక గడి, కాబట్టి చిన్న మాటని విరిచినా అర్థమున్న ముక్కలు దొరుకుతాయి. కలకలం దొరికినట్టే ఇంకా ఎన్నో దొరుకుతాయి. వచ్చే సంచికకి మీరూ ఒక ఆధారం పంపండి. ఎంత పొడుగైనా పర్లేదు, అవతలివాడికి దొరికేలా దాస్తే చాలు. అంతవరకూ ఇది పట్టుకోండి:

ముందుకు నడిచినా వెనక్కి నడిచినా మారదు, కాలిని వదలదు (3)