నేత్రవైద్య నిపుణుడు అమ్మార్ మోసలీ

అమ్మార్ బిన్ అలీ ఇరాక్‌లోని మోసుల్ వాస్తవ్యులు. కంటి వైద్యం చేస్తూ అనేక దేశాలు తిరిగి ఈజిప్టు చేరారు. అది ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం పాలనా కాలం (996-1021).

ఆ రోజుల్లో కంట్లో శుక్లం, అంటే మోతియాబింద్, వస్తే వైద్యులు సూదితో దాన్ని పక్కకు నెట్టేవారు. అది కంట్లోనే ఉండిపోయేది. కొందరికి మళ్ళీ పైకి వచ్చి చూపుకు అడ్డుపడేది. అమ్మార్ దీనితో తృప్తి పడలేదు. బోలుగా ఉండే లోహపు సూది చేయించి, మెత్తని శుక్లాన్ని దాని ద్వారా పీల్చి బయటికి తీశారు. తన అనుభవాలను కితాబుల్ ముంతఖబ్ అనే గ్రంథంలో పొందుపరిచారు.

నేటి ఫాకో పద్ధతిలోనూ శుక్లాన్ని అల్ట్రాసౌండ్ తరంగాలతో నలిపి, సన్నని గొట్టంతో పీల్చేస్తారు. బాగా గట్టిపడిన శుక్లాన్ని చిన్న కోతతో తీసే పద్ధతి కూడా ఉంది. రెండింటిలోనూ కంట్లో కృత్రిమ లెన్స్ అమరుస్తారు. చుక్కల మందుతో శుక్లం కరగదు. అది ముదిరేదాకా ఆగనవసరమూ లేదు.

ప్రతి రోగానికీ అల్లాహ్ చికిత్సను కూడా ఇచ్చాడని దైవప్రవక్త (స) బోధించారు. కనుక గుంతకల్లులోనైనా, మరెక్కడైనా, అమ్మీ అబ్బాల చూపు మసకబారితే తఖ్దీర్ అని ఊరుకోకండి. కంటి డాక్టరుకు చూపించండి. వారు మళ్ళీ ఖుర్ఆన్ చూసి చదువుకోగలిగితే, ఆ పుణ్యంలో మీకూ భాగముంటుంది, ఇన్‌షా అల్లాహ్.